పంకా నాంచారయ్య చలికాలం

ఆఖరి చేద బావిలోంచి పైకి వచ్చేసరికి నాంచారయ్య కుడిభుజం వేడెక్కింది. హమ్మయ్య అనుకున్నాడు. భుజం వేడెక్కిందంటే ఆ పూటకు చలి ఓడిపోయినట్టే. చేద గట్టు మీద పెట్టి, చెయ్యి తలమీదికి ఎత్తి చూసుకున్నాడు. ఎత్తగలిగాడు. సంక్రాంతికి చంకలెత్తనివ్వదు చలి అంటారు గాని, ఈ యేడు సంక్రాంతికీ ఎత్తాడు, రథసప్తమికీ ఎత్తాడు. నిన్నటితో శివరాత్రి కూడా వెళ్ళిపోయింది. శివశివా అంటూ పోవాల్సిన చలి ఇంకా పోలేదు; మంచు బావిగట్టు మీద తెల్లగా పట్టుకుని ఉంది. అయినా చెయ్యి లేచింది. ఆ ఘనకార్యం చూడ్డానికి అక్కడ ఒక కాకి తప్ప ఎవరూ లేరు. అది కూడా కడవ అంచు మీద వాలి నీళ్ళు తాగే పనిలో ఉంది.

పరాసుపేటలో ఆ వరస పాకలన్నిటికీ చలికాలం మొదలైనప్పట్నుంచీ నీళ్ళు తోడిపెట్టేది నాంచారయ్యే. ఎవరూ అడగలేదు. మొదట్లో ఆడవాళ్ళు ముసలాడికి ఏం పుట్టిందోనని అనుమానంగా చూశారు. తర్వాత కడవలు వాళ్ళే తెచ్చి గట్టు మీద వరసగా పెట్టి పోవడం నేర్చుకున్నారు. ఊరికే వచ్చే నీళ్ళకు కారణం ఎవరడుగుతారు!

కారణం ఉంది. నాంచారయ్య కచేరీలో పంకా లాగుతాడు. పెద్ద హాల్లో పైనుంచి గుడ్డ కుచ్చులు కట్టిన పొడుగాటి పలక ఒకటి వేలాడుతుంది. దాని తాడు గోడకున్న కన్నంలోంచి వెనక వరండాలోకి వస్తుంది. ఆ తాడు చివర నాంచారయ్య కూర్చుంటాడు. చేత్తో లాగీ లాగీ చెయ్యి నొస్తే, తాడు చివరనున్న ముడి కాలి బొటనవేలికి తగిలించి కాలితో లాగుతాడు. లోపల దొర చల్లగా కూర్చుని తీర్పులు చెప్తాడు. దీపావళి వెళ్ళాక పంకా దింపి అటకెక్కిస్తారు. శివరాత్రి మర్నాడు మళ్ళీ దింపి కడతారు. ఈ మధ్యకాలంలో పంకా లాగేవాడు ఏం తింటాడన్నది సర్కారువారు ఆలోచించే సంగతి కాదు. కచేరీ ఆస్తిలో చలికాలం జాగ్రత్తగా దాచిపెట్టేది పలకనూ, గుడ్డనూ, తాడునూ మాత్రమే. మనిషి తనను తానే దాచుకోవాలి.

ఉప్పెన వచ్చిన యేడు పుట్టాడని పెద్దవాళ్ళు చెప్పేవారు. అంటే అరవై దాటాయి. సన్నగా, నిలువుగా, తాటిమట్టలా ఉంటాడు. కుడిభుజం ఎడమదానికంటే ఒక వేలెడు ఎత్తు. కుడికాలి బొటనవేలు మిగతా వేళ్ళతో పోట్లాడి వేరుపడ్డట్టు పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. దాని చుట్టూ తాడు కోసిన గాడి. పెళ్ళాం పోయి చాలా ఏళ్ళైంది. పిల్లలు పుట్టలేదు. కచేరీలో అతని పేరు ఎవరికీ తెలియదు. లోపల్నుంచి "పంకా!" అని కేక వస్తే అతను తాడు గట్టిగా లాగేవాడు. పంకాకీ అతనికీ ఒకటే పేరు. ఊళ్ళో వాళ్ళు కూడా పంకా నాంచారయ్య అనేవారు గాని, ఆ మాట కూడా ఈ మధ్య ఎవరి నోటా వినబడడం లేదు.

కిందటి యేడు చలికి భుజం పట్టేసింది. తిన్నావా పడుకున్నావా అని అడిగే దిక్కులేని మనిషి, దుప్పటి కప్పుకుని పాకలో ముడుచుకు పడుకుంటే చలికాలం గడిచిపోతుందనుకున్నాడు. గడిచింది గాని, చెయ్యి మాత్రం దుప్పట్లోనే ఉండిపోయింది. ఉగాది దాకా తాడు సరిగ్గా లాగలేకపోయాడు. కచేరీ సామాన్లూ, బంట్రోతులూ అన్నీ నాజరు వెంకటసుబ్రహ్మణ్యం గారి అధీనంలో ఉంటాయి. ఆయన వరండాలోకి వచ్చి, "చూడవోయ్, వయసు మీదపడితే ఎవరి తప్పూ కాదు. వచ్చే శివరాత్రికి నీ చెయ్యి ఇలాగే ఉంటే మరొకణ్ణి చూసుకుంటాను. తర్వాత నా మీద ఏడవకు," అన్నాడు. మంచివాడే. చెప్పి చేసేవాడు.

అందుకని ఈ చలికాలం నాంచారయ్య ఒంటిని పడుకోనివ్వలేదు. తెల్లవారకముందే లేచి మంచులో గిలకలదిండి దారిన కాలువ గట్టు వెంట నడిచి వచ్చేవాడు. నోట్లోంచి ఆవిరి, కాళ్ళకింద తడి ఉప్పునేల, ఎదురుగా మనిషన్నవాడు కనబడడు. చలికి తాళలేక తానే తనతో మాట్లాడుకునేవాడు. "నడవరా, నడవరా, నాజరు చూస్తున్నాడు." వచ్చి నీళ్ళు తోడేవాడు. తర్వాత పాకలో వాసం మీదుగా తాడు వేసి, చివర విరిగిన తిరగలిరాయి కట్టి లాగేవాడు. పదిరోజులు లాగేసరికి వాసం కిర్రుమని పగిలింది. పాక యజమానురాలు రావమ్మ వచ్చి రెండు చేతులూ నడుముకు పెట్టుకుని నిలబడింది.

"ఏం నాంచారయ్యా, నా కొంప కూల్చి దాంట్లో నువ్వు పంకా ఆడిస్తావా? ఊపాలని అంత సరదాగా ఉంటే ఎవరి ఉయ్యాలన్నా ఊపరాదూ!"

ఆవిడ ఎకసక్కానికే అన్నది. నాంచారయ్య అది పట్టుకున్నాడు.

పక్క పాకలో కృపావరం ఉంది. పెనిమిటి బెజవాడ దాకా సరుకు పడవ మీద పోతాడు; ఎప్పుడొస్తాడో కాలువకే తెలియాలి. ఆమె పొద్దున్నే ఇళ్ళల్లో వడ్లు దంచడానికి వెళ్ళాలి. ఇంట్లో నెలల పిల్ల. నాంచారయ్య వెళ్ళి, గుమ్మం బయటే నిలబడి, చేతులు నలుపుకుంటూ అడిగాడు. ఉయ్యాలకు తాడు కట్టి అరుగు మీదికి ఇస్తే తాను బయట కూర్చుని ఊపుతానన్నాడు. కృపావరం అతని మొహంలోకి చూసి, సరేనంది. కచేరీలో పారేసిన పాత పంకా తాడు ముక్కొకటి నాంచారయ్య దగ్గరుంది. దాన్ని తెచ్చి, అద్దకం చీరతో కట్టిన ఆ ఉయ్యాలకు కట్టి, ఇవతలి చివర బొటనవేలు పట్టేంత ముడి వేసుకున్నాడు.

మొదటిరోజు అలవాటు కొద్దీ కచేరీ లాగుడు లాగాడు. పంకా లాగడానికి ఒక పద్ధతి ఉంది. గుంజి, చివర్న ఒక్క కుదుపు ఇచ్చి, చప్పున వదిలెయ్యాలి. గాలంతా ఆ కుదుపులోనే ఉంటుంది. చంటిది ఎగిరిపడి కేరుమంది. కృపావరం పరుగెత్తుకొచ్చింది.

"నీకు పుణ్యముంటది తాతా, అది పిల్ల, దొర కాదు! మెల్లగా!"

సిగ్గుపడి, చేత్తో కాసేపు, కాలితో కాసేపు మెల్లగా లాగాడు. నిదానంగా తన వైపుకు తెచ్చుకుని, ఒక్క క్షణం ఆపి, నిండుకుండ దించినట్టు వదలాలి. ముప్పై యేళ్ళ కుదుపు కాల్లోంచి పోవడానికి పుష్యమాసం వెళ్ళిపోయింది. కుదుపు పోయాక అతనికో కొత్త సంగతి తెలిసింది. తాను లాగేటప్పుడు పంకా ఎలా ఊగుతుందో ఇన్నేళ్ళలో చూడనే లేదు. గోడకు అతను ఇవతల, పంకా అవతల. ఇక్కడ తలుపు తీసి ఉంటుంది. తాను లాగితే ఊగేది కంటికి కనబడుతుంది. చీర అంచు పైనుంచి చిన్న పిడికిలి ఒకటి లేచి, గాలిని పట్టుకోబోయి, మళ్ళీ పడిపోతుంది. అది చూస్తూ లాగడం ఎంత బాగుండేదంటే, ఒక్కోరోజు చెయ్యి సంగతి మరిచేపోయేవాడు.

ఇవాళ కూడా నీళ్ళు తోడడం అయ్యాక వచ్చి అరుగు మీద కూర్చుని తాడు వేలికి తగిలించుకున్నాడు. కృపావరం రోకలి భుజాన వేసుకుని బయలుదేరుతూ ఆగింది.

"ఇయ్యాలే కదా తాతా, కచేరీలో చూసేది?"

"ఇయ్యాలే. నువ్వు తొందరగా వస్తే నే బయల్దేరతా."

"తీసుకోకుండా ఎక్కడికి పోతారు! చలికాలమంతా ఒక్కరోజు కూచోలేదే నువ్వు. ఆ చెయ్యి చూడు, నాగలి పట్టేవాడికి కూడా లేదు."

నాంచారయ్య నవ్వలేదు గాని, మీసాల కింద ఏదో కదిలింది. అతని చెయ్యి ఎలా ఉందో చూసి చెప్పిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే.

ఆమె తొందరగానే వచ్చింది. నాంచారయ్య ఉతికిన పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని, కూర్చునే గోనెపట్టా చంకలో పెట్టుకుని కచేరీకి నడిచాడు. వెనక వరండాలో బంట్రోతు గంగన్న అప్పటికే కన్నంలోంచి కొత్త తాడు లాగి ఉంచాడు. ఆ కచేరీలో అతన్ని మావా అని పిలిచేవాడు గంగన్న ఒక్కడే. అందరినీ మావా అనే పిలుస్తాడు, అది వేరే సంగతి. వరండా చివర చిలకలపూడి నుంచి వచ్చిన నడివయసువాడొకడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. నాంచారయ్య అతనివైపు చూడలేదు. గోనెపట్టా ఎప్పటి చోటులో పరిచి, గోడకు వీపు ఆనించాడు. గోడ మీద అతని వీపు అరగదీసిన నున్నటి మరక ఉంది. చలికాలమంతా అది కూడా అతనికోసమే ఎదురుచూసినట్టు వీపుకు సరిగ్గా అతుక్కుంది.

"కానీ మావా," అన్నాడు గంగన్న.

నాంచారయ్య లాగాడు. భుజం పట్టలేదు. ఎక్కడా నొప్పి లేదు. చెయ్యి నూనె పోసిన గిలకలా తిరిగింది. అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి. నిలబడ్డావురా నాంచారీ అనుకున్నాడు. హాయిగా కళ్ళు మూసుకుని లాగడం సాగించాడు. పంకా లాగేవాడి పనితనమంతా అందులోనే ఉంది. మనసు ఎటు పోయినా, నిద్ర వచ్చినా, ఒళ్ళు తనంతట తాను లాగుతూ ఉండాలి.

లోపల అలికిడి తగ్గింది. ఎవరో ఆవులించారు. ఇంకొకరు ఆవులించారు. కాసేపటికి నాజరుగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని వరండాలోకి వచ్చాడు.

"ఏమోయ్, గాలేదీ? బల్ల మీద కాయితం కదలడం లేదు. పైన పంకా వెళ్తోంది, వస్తోంది, మాకు మాత్రం చెమటలు పోస్తున్నాయి. రాతగుమాస్తా కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునుకు తీస్తున్నాడు."

నాంచారయ్య ఉలిక్కిపడి తన కాలివైపు చూసుకున్నాడు. తాడు ఎప్పుడు వేలికి తగిలించుకున్నాడో తెలియదు. కాలు నిదానంగా తాడు తెచ్చుకుంటోంది, ఒక్క క్షణం ఆగుతోంది, నిండుకుండ దించినట్టు వదులుతోంది.

లాగుడు మార్చుకున్నాడు. గుంజి, కుదిపి, వదిలాడు. లోపల కాయితాలు రెపరెపలాడాయి. "ఆఁ, అదీ!" అన్నాడు నాజరు. మళ్ళీ గుంజాడు. మళ్ళీ కుదిపాడు. అన్నిసార్లూ మనసు పెట్టి చేశాడు. మనసు ఎంతసేపని కాపలా కాస్తుంది? కాస్త ఆదమరిస్తే చాలు, కాలు మళ్ళీ ఉయ్యాల దగ్గరికి పోయేది. లోపల మళ్ళీ ఆవులింతలు మొదలయ్యేవి. బలం ఉంది. ఉన్న బలమంతా జోలపాటకు అలవాటుపడిపోయింది. గంగన్న మధ్యలో వంగి చెవిలో, "ఏంటి మావా, ఎవర్ని నిద్రపుచ్చుతున్నావు? కుదుపు, కుదుపు," అని బతిమాలాడు కూడా.

నాజరు చాలాసేపు ఓపిక పట్టాడు. చివరికి కళ్ళజోడు సర్దుకుని, "లాభం లేదోయ్," అన్నాడు. "కిందటేడు చెప్పానా, లేదా? చలికాలమంతా దుప్పటి కప్పుకుని ముడుచుక్కూర్చున్నావు. ఒళ్ళు కదిపితే కదా చెయ్యి ఉండేది!"

నాంచారయ్య నోరు తెరిచాడు. మంచూ, బావీ, తిరగలిరాయీ, పగిలిన వాసమూ అన్నీ గొంతులోకి వచ్చాయి. కాని చెప్తే ఉయ్యాల సంగతి కూడా చెప్పాలి. కచేరీలో నిలబడి చంటిపిల్లను ఊపానని చెప్తే నవ్వుతారు. ఆ పిల్లను నవ్వులపాలు చెయ్యడం అతనికి ఇష్టం లేకపోయింది.

"చిత్తం బాబూ," అన్నాడు.

చిలకలపూడివాడు వచ్చి కూర్చున్నాడు. వాడు తాడు అందుకుని గుంజాడు. నాంచారయ్యకు ఇక కూర్చునే పని లేదు గనక లేచి, వరండా చుట్టూ తిరిగి, ఇంటికి పోయే దారిలో హాలు తలుపు దగ్గర ఆగాడు. మొదటిసారిగా పంకా ఊగడం చూశాడు. ఇంత పెద్దదా అనుకున్నాడు. తెల్లటి కుచ్చులు ఈ గోడనుంచి ఆ గోడకు ఒక్క ఊపులో పోయి, చివర్న తెరచాపలా తటాలున విప్పుకుని వెనక్కి వస్తున్నాయి. గాలి వచ్చి అతని రొమ్ముకు తగిలింది. ఎంత చల్లగా ఉంది! ముప్పై యేళ్ళుగా తాను పంపిన గాలి ఇదన్నమాట. చలికాలమంతా తాను తప్పించుకు తిరిగిన చలి అక్కడ, ఆ తలుపు దగ్గర, ఎముకల్లోకి దిగినట్టయింది. పైపంచె ఒంటికి చుట్టుకుని బయటికి నడిచాడు.

కాలువ గట్టు మీద రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది. ఊపిరి అందలేదు. పడవలు పోతున్నాయి. ఎవరో తెడ్డేస్తూ ఏదో కేకేశారు, తనను కాదు. చంకలో ఏదో వెలితిగా ఉందని చూసుకుంటే గోనెపట్టా లేదు; వరండాలోనే వదిలేశాడు. వెనక్కి వెళ్ళబుద్ధి కాలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. కృపావరం గుమ్మంలో నిలబడి ఉంది. అతను రావడం చూసి ఎదురొచ్చింది.

"ఏమైంది తాతా? తీసుకున్నారా?"

ఆమె మొహం చూస్తే అబద్ధం దానంతటదే వచ్చింది. "తీసుకున్నారమ్మా."

"నే చెప్పలా! దేవుడున్నాడు!" అని చేతులు జోడించింది. వెంటనే బుంగమూతి పెట్టింది. "మరి రేపట్నుంచి నా పిల్లను ఎవరు ఊపుతారు? ఇదేమో నీ చేతికి అలవాటు పడిపోయింది. నేను ఊపితే పడుకోదు."

"ఎక్కడికి పోతానే. పొద్దున్నే వచ్చి ఊపి పోతా," అన్నాడు నాంచారయ్య. "పొయ్యి రాజెయ్యి, ఆకలేస్తోంది."

"ఇయ్యాల నా ఇంట్లోనే తిందువుగాని. చేపలు దొరికినయ్యి. పులుసు పెడతా." ఆ మాట అంటూనే లోపలికి వెళ్ళింది.

నాంచారయ్య అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తాడు అందుకుని ముడి బొటనవేలికి తగిలించుకున్నాడు. లాగాడు. ఉయ్యాల కదిలింది. పిడికిలి లేచింది, గాలిని పట్టుకోబోయింది, పడిపోయింది. ఇక్కడ కుదపమని ఎవరూ అనరు. కాలు తనకు తెలిసినట్టు లాగుతోంది. మనసు ఎటైనా పోవచ్చు.

కృపావరం పొయ్యి ఊదుతూ దూలం కిర్రు కిర్రుమనడం వింటోంది. పులుసు తెర్లేటప్పటికి ఆ చప్పుడు నిదానించింది. తర్వాత ఆగిపోయింది. పిల్ల ఏడవలేదు. ఇద్దరూ పడుకున్నట్టున్నారు, పోనీ పాపం అనుకుని చప్పుడు చెయ్యకుండా గిన్నె దించింది. అన్నం వార్చింది. దీపం వెలిగించి, కంచంలో అన్నం పెట్టుకుని అరుగు మీదికి వచ్చింది.

"తాతా, లే. చల్లారిపోద్ది."

తల రొమ్ము మీదికి వాలి ఉంది. పంకా లాగేవాళ్ళు నిద్రపోయేది అలాగే. ఆమె మళ్ళీ పిలిచింది. కంచం కింద పెట్టి, వంగి, పాదం తట్టింది. తడుతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముడిలోంచి వేలు తియ్యడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు మట్టిచేసి అందరూ వెళ్ళాక, మధ్యాహ్నం గంగన్న వచ్చాడు. చంకలో చుట్టిన గోనెపట్టా ఉంది. ముసలాయన మరిచిపోయాడు, ఇచ్చిపోదామని వచ్చాడు. రావమ్మ దారిలోనే సంగతి చెప్పింది. అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కృపావరం కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"కచేరీ నుంచి వచ్చారా బాబూ? కబురు పెడదామంటే మనిషి దొరకలా. ఇయ్యాలే పంకాకి రావాలి కదా. మీ నాజరు గారు ఏమన్నా అనుకుంటారేమో, చెప్పండి. పని ఎగ్గొట్టే మనిషి కాదు. చలికాలమంతా మీ పంకా కోసమే చెయ్యి కాపాడుకున్నాడు. నీళ్ళు తోడాడు, మంచులో నడిచాడు, ఇదుగో, నా పిల్లను ఊపాడు. మళ్ళీ తీసుకున్నారని ఎంత సంతోషంగా చెప్పాడో! ఆ సంతోషంతోనే పోయాడు."

గంగన్న ఉయ్యాలవైపు చూశాడు, తాడువైపు చూశాడు. నిన్నటి ఆవులింతలు గుర్తొచ్చాయి. అతనికి అప్పుడు తెలిసింది, మావ ఎవర్ని నిద్రపుచ్చాడో.

"చెప్తానమ్మా," అన్నాడు. "నాజరు గారు కూడా నిన్న అదే అన్నారు. అలా లాగేవాడు ఈ జిల్లాలోనే లేడన్నారు."

గోనెపట్టాను అరుగు మీద, గోడకు ఆనించి పెట్టి వెళ్ళిపోయాడు.

లోపల చంటిది లేచి రాగం తీసింది. కృపావరం వెళ్ళి చీర అంచు పట్టుకుని ఊపింది. తాడు విప్పుదామనుకుంది, మనసొప్పలేదు. ఉయ్యాల పోయినప్పుడల్లా, వచ్చినప్పుడల్లా, గుమ్మం దాటి వచ్చిన ఆ తాడూ, దాని చివర బొటనవేలు పట్టేంత ముడీ ఖాళీగా, అరుగు మీద నిదానంగా ముందుకు జరిగి వెనక్కి జరుగుతున్నాయి.